అద్దాలమ్మ బరువు

ఆ రోజు పొద్దున కూడా అద్దాలమ్మ రోజూలాగే వసారాలో కూర్చుని, దర్జీగారి కళ్ళజోడు కాడని దీపం సెగకి పట్టింది. కాడ మంటకి మరీ దగ్గరైతే కరిగిపోతుంది, దూరమైతే ఒంగదు. చెవి వెనక అది ఎక్కడ మలుపు తిరగాలో కంటికి తెలీదు, వేలికి తెలియాలి. ఎదురుగా దర్జీ, ఎక్కడ చురుక్కుమంటుందోనని ముందే కళ్ళు మూసుకుని, ముక్కు ముందుకు చాపి కూర్చున్నాడు.

“కదలకండి,” అంది అద్దాలమ్మ.

“నేనెక్కడ కదిలానమ్మా? మీ కుర్చీయే కదిలింది.”

నిజమే. కుర్చీ మొదట కిర్రుమంది. తరవాత ముసలి దున్నలా మూలిగింది. ఆ తరవాత నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకీ చాపేసింది. అద్దాలమ్మ దభీమని నేల మీద కూలబడింది. చేతిలో కళ్ళజోడు మాత్రం గాల్లో భద్రంగానే ఉంది. పనివాళ్ళ చేతులు అంతే, ఒళ్ళు ఎటు పోయినా పనిముట్టుని పోనివ్వవు.

“ఇది రెండో కుర్చీ కదూ?” అన్నాడు దర్జీ కళ్ళు తెరిచి.

“మూడోది,” అని లోపల్నించి జవాబొచ్చింది. ఆ వెనకే ఇంటావిడ ఒక చదునైన రాతిపలకని దొర్లించుకుంటూ వసారాలోకి వచ్చింది. ఆ ఊరికి పని మీద వచ్చేవాళ్ళకి గది అద్దెకిచ్చి, రెండు పూటలా భోజనం పెట్టే మనిషి ఆవిడ. అద్దాలమ్మ ఆవిణ్ణి పిన్నీ అంటుంది. “దీని మీద కూర్చో అమ్మాయ్. రాయి విరిగితే అప్పుడు ఆలోచిద్దాం. నీ సామాను మేడ మీంచి కింది గదిలోకి దింపించేశాను. పైన దూలాలు పాతవి.”

ఆవిడకీ దర్జీకీ ఇది కొత్త కాదు. వానలో తడిస్తే కొందరికి పడిశం పట్టినట్టు, ఆ ఊరికొచ్చినవాళ్ళలో కొందరికి ఊరు పడుతుంది. పట్టినవాళ్ళు బరువెక్కుతారు. లావెక్కరు, బుగ్గలు రావు, బట్టలు బిగుతు కావు. ఉన్న మనిషి ఉన్నట్టే ఉండి, నేలకి మాత్రం రోజురోజుకీ భారమవుతుంది. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి ఈ బాధ లేదు. “మాకుండేది ఇష్టం కాదు, అలవాటు. అలవాటుకి బరువేముంటుంది?” అంటారు వాళ్ళు.

అద్దాలమ్మ రాతిపలక మీద కూర్చుంది. కాడ మలిచి దర్జీ చెవికి తగిలించింది. పని ఆగలేదు గానీ భయం మొదలైంది.

అద్దాలమ్మది తిరుగుడు పని. చేతిలో ఒక చెక్కపెట్టె, దాని నిండా మెత్తటి గుడ్డల్లో చుట్టిన అద్దాలు, అంచులు అరగదీసే సాన, చదువురానివాళ్ళ కోసం ఎటు తిప్పితే అటు పళ్ళు చూపించే దువ్వెన బొమ్మల పటం. ఊరూరా దిగడం, కళ్ళు చూడడం, జోళ్ళు కట్టివ్వడం, వెళ్ళిపోవడం. పని నేర్పిన గురువు ఆమెకి ఒక్కటే మాట చెప్పాడు: “పని అయిపోయిన ఊళ్ళో భోజనానికి కూడా ఆగకు. ఆగితే ఎవరో ఒకరు నీకు ఇష్టమైన కూర కనిపెట్టేస్తారు.” ఆ మాట ఆమె ఎన్నో ఊళ్ళలో నిలబెట్టుకుంది. ఈ ఊళ్ళో తప్పింది.

ఎందుకు తప్పిందో ఆమె ఎవరితోనూ చెప్పలేదు. ప్రతి ఊళ్ళోనూ మనుషులు కొత్త జోడు పెట్టుకోగానే అడిగేది అద్దం. తామెలా ఉన్నారో చూసుకోవాలి. ఈ ఊళ్ళో ఒక్కరూ అద్దం అడగలేదు. జోడు ముక్కు మీద పడగానే లేచి బయటికి పరిగెత్తేవారు. మొదటిసారి ఒక ముసలాయన అలా పారిపోతే, జోడు డబ్బులు ఎగ్గొట్టేశాడనుకుని ఆమె వెనకాలే పరిగెత్తింది. ఆయన ఇంటికెళ్ళి, బట్టలారేస్తున్న భార్య ఎదురుగా నిలబడి, “నీకు ఈ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చిందే?” అంటున్నాడు. “పుట్టినప్పుడే,” అంటోంది ఆవిడ. తలుపు పక్కన నిలబడి అది విన్న రోజే అద్దాలమ్మకి అడుగులు కాస్త బరువుగా పడ్డాయి. ఆ తరవాత పని అయిపోయినా, ఈ కాడ వదులైందనీ ఆ గాజు గీసుకుందనీ సాకులు పెట్టుకుని ఉండిపోయింది.

దర్జీ వెళ్ళగానే ఆమె ఏటి ఒడ్డుకి నడిచింది. ఏటికి దిగే మెట్ల మీద ఆమె అడుగు పడ్డచోటల్లా దుమ్ము లేచింది.

ఆ ఊరికి మూడు వైపులా ఏరు. నాలుగో వైపు మైళ్ళ కొద్దీ బురద, మామూలు మనిషే మోకాళ్ళ దాకా దిగబడతాడు. బయటికి దారంటే పడవే. రేవులో బస్తాలు తూచే పెద్ద కాటా ఒకటి ఉంది. పడవ నడిపే సరంగు, ఊరంతటికీ బాబాయి, ఒంటి పన్నుతో పుల్ల నములుతూ దాని పక్కన కూర్చుని ఉన్నాడు.

“ఎక్కు,” అన్నాడు ఆమెని చూడగానే.

ఎక్కింది. అవతలి పళ్ళెంలో ఆయన తూకం రాళ్ళు పెట్టాడు. ఇంకా పెట్టాడు. చివరికి రాళ్ళు చాలక తన చెప్పులు కూడా విప్పి వేశాడు.

“చెప్పులెందుకు బాబాయ్?”

“నీకు ధైర్యం చెప్పడానికి. రాళ్ళే చాల్లేదంటే భయపడతావు కదా.” పుల్ల ఉమ్మేశాడు. “చూడమ్మా, ఇవాళైతే తంటాలు పడి నిన్ను దాటించగలను. ఇంకొన్నాళ్ళు పోతే నీకు పడవ కాదు, వంతెన కావాలి.”

“దాటితే తగ్గుతుందా?”

“ఏమో. నేను అవతల దింపి తిరిగొచ్చేస్తాను కదా. ఎవరూ మళ్ళీ వచ్చి చెప్పలేదు.”

కాటా దిగుతుంటే ఆమె చూపు ఒడ్డున ఉన్న రాతిబల్ల మీద పడింది. దాన్ని ఇన్నాళ్ళూ చూస్తూనే ఉంది గానీ ఇవాళే సరిగ్గా చూసింది. బల్లకి కాళ్ళు లేవు. కాళ్ళున్నాయి, భూమిలో ఉన్నాయి. కూర్చునే పలక గడ్డికి సమానంగా దిగిపోయి ఉంది.

“అది గడియారాలాయన బల్ల,” అన్నాడు సరంగు. “మా తాత నాటి మాట. గడియారాలు బాగుచేసుకుంటూ వచ్చాడు. వారం అనుకుని వచ్చి, నెల ఉన్నాడు. బయల్దేరదామంటే ఏ పడవా మొయ్యలేదు. అవతలి ఒడ్డుకి ఆయన భార్య వచ్చి నిలబడేదట. ఈ బల్ల మీద ఈయన, ఆ ఒడ్డున ఆవిడ. చేతులూపుకునేవారు. ఏరు హోరుకి మాట వినబడదుగా. అలా ఊపుకుంటూ ఊపుకుంటూనే ముసలివాళ్ళయిపోయారు.”

అద్దాలమ్మ అవతలి ఒడ్డు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అయినా ఎవరో చెయ్యి ఊపుతున్నట్టే అనిపించి, ఒళ్ళు గగుర్పొడిచింది.

“రేపు పొద్దున్నే తీసుకెళ్ళు బాబాయ్,” అంది.

ఒడ్డున అన్న మాట ఇంటికొచ్చేసరికి మెత్తబడింది. రేపే ఎందుకు, రొట్టెలాయన తల్లికి ఎడమ కన్ను ఇంకోసారి చూడాలి కదా, ఎల్లుండి వెళ్ళొచ్చు కదా అని మనసు బేరం మొదలుపెట్టింది. ఆ బేరం తేలకముందే ఇంటావిడ హాల్లోంచి కేకేసింది. “అమ్మాయ్, ఫోన్! మీ చెల్లెలు!”

వాళ్ళకి తల్లీ తండ్రీ లేరు. అక్కే చెల్లెల్ని పెంచింది. చెల్లెలికి చిన్నప్పట్నించీ గుండె నీరసం. ఆమె భర్త ఓడల మీద పనిచేస్తాడు, ఎప్పుడొస్తాడో ఓడకే తెలియాలి. నెలలు నిండేసరికి వచ్చేస్తానని అక్క మాటిచ్చి బయల్దేరింది.

“అక్కా,” అంది చెల్లెలు. గొంతు దారప్పోగులా ఉంది. “నెలలు నిండి దాటిపోయాయే. బిడ్డ దిగట్లేదు. కొయ్యాలంటే నా గుండె తట్టుకోదట. దానంతట అదే రావాలట. రెండు రోజులు చూస్తామన్నారు.”

“రెండు రోజులు చూసి?”

“ఆ తరవాత ఏంటో చెప్పట్లేదు. డాక్టరమ్మ కాయితాలు చూసుకుంటోంది.” చెల్లెలు గొంతు తగ్గించింది. “ఇంకోటి చెప్తే నవ్వకూడదు. కడుపు పెరగట్లేదు గానీ బరువు పెరుగుతోందే. నిన్న మంచం పట్టె విరిగింది.”

“అందరికీ అలాగే ఉంటుందిలే. నేను వస్తున్నా. రేపు మధ్యాహ్నానికి నీ పక్కన ఉంటా. పడుకో.”

భయం చెవుల్లో దూది పెట్టుకుని వస్తుంది. చెల్లెలు చెప్పిన చివరి మాట ఆమె చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. ఆమె లోపలంతా ఒకటే బొమ్మ: గడ్డిలో కూరుకుపోయిన రాతిబల్ల, దాని మీద తను, అవతలి ఒడ్డున ఎవరూ లేరు. ఊపడానికి చెయ్యి కూడా మిగలని ఒడ్డు.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి ఇంటావిడ కొంగు నడుముకి బిగించి నిలబడి ఉంది.

“రేపు వెళ్తున్నావన్నమాట. సరే. అయితే ఇవాళ నిన్ను తిట్టాలి,” అంది.

ఆ ఊరి పద్ధతి అది. ఊరు పట్టినవాళ్ళు బయల్దేరేముందు తెలిసినవాళ్ళంతా కూడి తిట్టి పంపుతారు. బాగా తిడితే మనసు విరుగుతుంది, మనసు విరిగితే మనిషి తేలికవుతుంది. పగవాళ్ళని తిట్టినట్టు తిట్టాలి, జాలి పడకూడదు. కబురు వెళ్ళింది. సాయంత్రానికి రొట్టెలాయనా, దర్జీ, ఇంకో నలుగురూ వసారాలో చేరారు. అద్దాలమ్మ రాతిపలక మీద, తల వంచుకుని, కాచుకుని కూర్చుంది. తిట్టండి, గట్టిగా తిట్టండి, నా చెల్లెలి కోసం తిట్టండి అని లోపల దండం పెట్టుకుంటోంది.

ఇంటావిడే మొదలుపెట్టింది. “ఏం మనిషివమ్మా నువ్వు! టీ ఇస్తే సగం తాగి సగం వదిలేస్తావు. చక్కెర ఎక్కువైతే నీ గొంతు గరగరలాడుతుందని నేను నీకోసం వేరే గిన్నెలో కాచి చస్తుంటే!”

“అలాక్కాదు, ఇంకా గట్టిగా,” అని పక్కనించి ఎవరో అందించారు.

“రాత్రిళ్ళు నిద్రలో మాట్లాడతావు! అద్దాల నంబర్లు! గోడకి చెవి పెట్టి వింటే తప్ప నాకు నిద్రే పట్టడం మానేసింది!”

రొట్టెలాయన గొంతు సవరించుకున్నాడు. “మీ జోడు పెట్టుకున్నాక నా రొట్టెల మీద మాడు మచ్చలన్నీ నాకే కనబడుతున్నాయి. అంతకుముందు హాయిగా ఉండేవాణ్ణి. రోజూ మాడని రొట్టె ఏరి మీకోసం పక్కన పెట్టాల్సిన ఖర్మ పట్టింది.”

“మీది తిట్టా, మెప్పా?” అన్నాడు దర్జీ విసుగ్గా. “తప్పుకోండి. నేను చూపిస్తాను.” ముందుకొచ్చి, ఆ పొద్దున తగిలించుకున్న జోడుని సర్రున లాగేశాడు. “ఇదిగో మీ జోడు! ఎవడిక్కావాలి! ఇన్నేళ్ళూ ఇది లేకుండా బతకలేదా? ఇవాళ్టితో మీకూ మాకూ సరి!” అని జోడు ఆమె ఒళ్ళో పడేసి, రాజులా వెనక్కి తిరిగి, నాలుగడుగులు గంభీరంగా వేసి, తలుపు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

అందరూ ఆ తలుపు వైపే చూశారు.

“వీధి ఇంత చీకటిగా ఉందేంటి?” అన్నాడు దర్జీ, వసారా మూలనున్న దుప్పట్ల బీరువాలోంచి.

ముందు ఎవరు నవ్వారో తెలీదు. అద్దాలమ్మ ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో టప్పుమని చప్పుడైంది. రాతిపలక నిలువునా రెండుగా చీలింది.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఇంటావిడ గడప మీద చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “తిట్టడం కూడా చేతకాని ఊరమ్మా మాది,” అంది. “నీ కొంప ముంచేశాం.”

మర్నాడు తెల్లవారేసరికి ఆకాశం ఒక పక్కన నల్లగా కమిలి ఉంది. అద్దాలమ్మ తన చెక్కపెట్టెని ఇంటావిడ చేతికిచ్చేసింది. అద్దాల బరువు కూడా బరువేగా. పెట్టె లేని చెయ్యి ఎవరిదో చెయ్యిలా వేలాడింది. వీడ్కోలు చెప్పలేదు, చెప్తే బరువని. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే బరువని. ఇంటావిడ కూడా మొహం గోడకి తిప్పుకుని, “పో, పో, పీడా వదిలింది,” అంది. గొంతు మాత్రం ఆవిడ మాట వినలేదు.

సరంగు ఆమెని కాటా ఎక్కమనలేదు. ఆమె నడిచొచ్చిన దారిలో మెట్ల అంచులు పెచ్చులూడడం దూరంనించే చూశాడు. పడవలోకి దిగి, దాని కడుపులోంచి గుండ్రటి నల్లరాళ్ళు తీసి ఒడ్డు మీదికి విసరడం మొదలుపెట్టాడు.

“ఏంటవి?”

“బరువు రాళ్ళు. ఇవి అడుగున ఉంటేనే పడవ నీళ్ళల్లో కుదురుగా ఉంటుంది. లేకపోతే ఎండుటాకులా దొర్లుతుంది.” ఇంకో రాయి విసిరాడు. “అన్నీ తీసేస్తున్నా. తీస్తే గానీ నీకు చోటు లేదు. రాళ్ళు లేకుండా నేనెప్పుడూ పోలేదమ్మా. నువ్వు అడుగుతున్నది చెల్లెలి ప్రాణం గనక పోతున్నా.”

ఆమె అడుగు పెట్టగానే పడవ గుటక మింగినట్టు దిగింది. నడిమధ్యన పలక మీద కూర్చున్నాక అంచుకీ నీటికీ మధ్య రెండు వేళ్ళ మందం ఎడం మిగిలింది. అద్దాలమ్మకి ఈత రాదు. చిన్నప్పుడు నీళ్ళ తొట్టెలో తలకిందులుగా పడి, చెల్లెలి ఏడుపు విని ఎవరో లాగితే బతికిన మనిషి. అప్పట్నించీ నీళ్ళంటే ఆమెకి చెవుల్లో నిండే ఆ గుడగుడ చప్పుడే. ఇప్పుడు అదే చప్పుడు చెక్కల కింద, ఆమె కాళ్ళకి బెత్తెడు కింద.

సరంగు గెడ వేశాడు. ఒడ్డు వెనక్కి జరిగింది. ఆమె పలకని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుంది.

తేలికవ్వాలి. వాళ్ళకి తిట్టడం చేతకాలేదు, సరే, తనే తిట్టుకోవాలి. దోమల ఊరు, అనుకుంది. మెట్ల ఊరు, మోకాళ్ళు అరిగే ఊరు. కాలవ కంపు. దుప్పటి అత్తెసరు, కాళ్ళు కప్పితే తల బయట. నేను లేకపోయినా వాళ్ళకేం? నెల తిరిగితే మర్చిపోతారు. నేనూ మర్చిపోతాను. ఏ ఊరైతేనేం, కళ్ళు కళ్ళే, జోళ్ళు జోళ్ళే. ఈ చివరి మాట కత్తిలా తెగింది. లోపల ఏదో ముడి ఊడిపోయింది. పడవ అంచు నాలుగు వేళ్ళు పైకి లేచింది. ఆమె కళ్ళు తెరిచి చూసి, “బాబాయ్, తేలికవుతున్నా!” అని అరిచింది.

సరిగ్గా అప్పుడే నల్లబడ్డ వైపునించి గాలి వచ్చింది.

వచ్చి పడవని పక్కనించి కొట్టింది. కుడి అంచు ఆకాశంలోకి లేచింది, ఎడమ అంచు నీళ్ళని తోడుకుంది. సరంగు గెడ పడవలో పడేసి, పైకి లేచిన అంచు మీద పడ్డాడు. ఎండుకట్టెలాంటి మనిషి, ఆయన బరువు ఏ మూలకి? పడవ చెంచాలా ఊగుతోంది. రెండో దెబ్బకి ఇంకాస్త ఒరిగింది. నీళ్ళు ఆమె మోకాలికి వచ్చాయి.

“ఏం చేశావ్?” అని కేకేశాడు. “ఎందుకు తేలికయ్యావ్?”

“నువ్వేగా బరువంటే మోయలేనన్నావ్!”

“ఒడ్డున అన్నాను! రాళ్ళన్నీ తీసేశానమ్మా, ఇప్పుడు నువ్వే నా రాయివి! బరువెక్కు! తల్చుకో ఆ ఊరిని!”

తల్చుకోమంటే ఎలా? భయంలో మనసు తాళం పడ్డ ఇల్లు. ఎంత తోసినా ఒక్క గదీ తెరుచుకోదు. నీళ్ళు, గుడగుడ, నీళ్ళు, అంతే. గాలి మూడోసారి ఊపిరి బిగబట్టడం ఆమెకి వినబడింది. అప్పుడు ఆమె పొద్దున్నించీ చెయ్యకూడదనుకున్న పని చేసింది. వెనక్కి తిరిగి చూసింది.

ఊరు అక్కడే ఉంది. వాన పొర వెనకాల చిన్నదైపోయి, మెట్లు మెట్లుగా ఉంది. రేవు మీద మనుషులున్నారు. మొహం తిప్పుకున్న ఇంటావిడ నెత్తి మీద అద్దాల పెట్టె పెట్టుకుని నిలబడి ఉంది, వాననించి దాన్ని కాపాడుతున్నట్టో, పెట్టే ఆవిణ్ణి కాపాడుతున్నట్టో. పక్కన దర్జీ, జోడు లేని దర్జీ, పడవున్న వైపు కాకుండా ఇంకోవైపు తిరిగి, రెండు చేతులూ ఊపుతున్నాడు.

దర్జీ జోడు ఇంకా ఆమె జేబులోనే ఉంది.

“అయ్యో నా తండ్రీ,” అంది అద్దాలమ్మ. అన్నదే తడవు, పాదాల్లోంచి బరువు పాకింది. పుట్టుమచ్చ చూసిన ముసలాయనా, మాడని రొట్టే, గోడకి చెవి పెట్టి నిద్రపోయే ఇంటావిడా ఒకరి వెనక ఒకరు వచ్చి ఆమె ఒళ్ళో కూర్చున్నట్టయింది. పడవ ఒక్కసారి మూలిగి, లేచిన అంచు దిగింది. గాలి మూడో దెబ్బ కొట్టింది. పడవ రాయిలా ఊరుకుంది. అలలు అంచు మీంచి దూకాయి, సరంగు ఉన్నదాంతో నీళ్ళు తోడిపోశాడు, ఆమె వెనక్కే చూస్తూ, ఏడుస్తూ, ఒక్కొక్కరినీ పేరుపేరునా తల్చుకుంటూ కూర్చుంది. భయం పోలేదు. భయం భయంలాగే ఉంది, కానీ దాని కింద ఇప్పుడు అడుగు ఉంది.

అవతలి ఒడ్డున దిగాక సరంగు ఆమెని ఎగాదిగా చూశాడు. “తగ్గలేదు,” అన్నాడు. “ఎవరైనా అడిగితే ఇక చెప్పగలను.” ఆమె దర్జీ జోడు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తలపాగాలో దోపుకుని, తిరుగు ప్రయాణానికి ఆ ఒడ్డున రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

బస్సు డ్రైవరు ఆమె ఎక్కగానే కుంగిన మెట్టుని చూసి, “మధ్యలో కూర్చోండమ్మా, ఓ పక్కకి ఒరక్కుండా,” అని మాత్రం అన్నాడు.

ఆసుపత్రిలో చెల్లెలి మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి. పట్టెలకి కట్లు కట్టి ఉన్నాయి. చెల్లెలి పెదాలు తెల్లగా ఉన్నాయి. నర్సు తలగడ దగ్గర నిలబడి అరుస్తోంది. “తొయ్యమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి? ఇంత మొండి బిడ్డని నా సర్వీసులో చూళ్ళేదు. లోపల ఏం ఉందని అంత పట్టుకుని వేలాడుతోంది?” డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. అవే కాయితాలు మళ్ళీ మళ్ళీ తిప్పుతోంది. అదే ఎక్కువ భయంగా ఉంది.

“అక్కా,” అంది చెల్లెలు. “పొద్దున్నించీ దాన్ని తిడుతున్నారే. తిట్టినకొద్దీ పైకి పోతోంది. నాకు భయమేస్తోంది. నా కన్నా దానికి ఎక్కువ భయమేస్తోందని తెలుస్తోందే నాకు.”

అద్దాలమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెల్లెలి పొట్ట మీద చెయ్యి వేసింది. కాడ ఎక్కడ ఒంగాలో తెలిసినట్టు, వేళ్ళకి తెలిసిపోయింది. ఆ బరువు ఆమెకి కొత్త కాదు. ఇప్పుడే మోసుకొచ్చిన బరువు. ఫోన్లో చెల్లెలు చెప్పిన మాట చెవి దాటి లోపలికి ఇప్పుడు దిగింది.

“ఇది మొండితనం కాదే,” అంది. “ప్రయాణం.”

నర్సు అరవడం ఆపి చూసింది. అద్దాలమ్మ పొట్టకి దగ్గరగా వంగి, గోడ అవతల మనిషితో మాట్లాడినట్టు మెల్లిగా మాట్లాడింది.

“ఇదిగో, వింటున్నావా? నేను మీ పెద్దమ్మని. అక్కడ వెచ్చగా ఉంది కదూ. మీ అమ్మ గుండె చప్పుడు గోడవతల వినబడుతుంటే గానీ నీకు నిద్రపట్టదు కదూ. తెలుసు. అది వదిలేసి రమ్మంటే ఎవరికైనా భయమే. నాకూ వేసింది, ఇప్పటికీ వేస్తోంది. కానీ నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదమ్మా. వదలక్కర్లేదు. మనసు విరక్కొట్టుకోనక్కర్లేదు. ఎంత ఇష్టముందో అంతా మోసుకునే రా. పడవ మునగదు. నేను చూసొచ్చాను.”

ఇటుకల మీద మంచం ఒకసారి కిర్రుమంది.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. “కదిలిందే,” అంది. ఆ వెనకే, “అమ్మా!” అని అరిచింది.

డాక్టరమ్మ కిటికీ వదిలి పరిగెత్తుకొచ్చింది.

ఆ తరవాతి గంట ఎలా గడిచిందో అద్దాలమ్మకి గుర్తులేదు. చెల్లెలి గోళ్ళు తన మణికట్టులో దిగడం గుర్తుంది. తను కదలకుండా, పడవలో కూర్చున్నట్టే, అడుగున రాయిలా కూర్చోవడం గుర్తుంది. చెల్లెలు రెండుసార్లు కళ్ళు తేలేసింది. రెండుసార్లూ ఆ బరువు చెయ్యి పట్టుకునే వెనక్కి వచ్చింది. తరవాత సన్నగా ఒక ఏడుపు వినబడింది. వదిలేసి వచ్చినవాళ్ళు ఏడ్చే ఏడుపు కాదు అది, దిగి సామాను చూసుకుంటున్నవాళ్ళ ఏడుపు.

చెల్లెలి పెదాలకి మెల్లిగా రంగొచ్చింది. “ఏదీ, దాన్ని ఇలా ఇవ్వండి,” అంది నీరసంగా.

నర్సు బిడ్డని గుడ్డలో చుట్టి రెండు చేతులా ఎత్తబోయింది. చేతులు కిందికి జారాయి. కాళ్ళు ఎడంగా పెట్టుకుని, నడుం బిగించి, ఇంకోసారి ఎత్తింది. పిడికెడంత మొహంలోకి ఒకసారి చూసింది. మోసుకొచ్చి, జాగ్రత్తగా, మంచం నడిమధ్యకి వచ్చేట్టు తల్లి పక్కన పడుకోబెట్టి, అద్దాలమ్మ వైపు తిరిగింది.

“ఇంటికెళ్ళాక ఉయ్యాల మేడ మీద కట్టకండి,” అంది. “కింది గదిలో కట్టించండి.”